జెహు పికెట్ చెయ్యి చాపని రోజు

మా ప్రార్థన సమాజంలో, మేమనే మాటలో మీటింగులో, పెద్దవాళ్లు పోతే వాళ్ల మీద ఒక జ్ఞాపకపత్రం రాసి పెట్టెలో భద్రం చేస్తారు. జెహు పికెట్ మీద రాసినది పదకొండు వాక్యాలు. నిజం పలికేవాడని, తక్కువ మాట్లాడేవాడని, పీపాలు చేసి బతికాడని, ఇరవై రెండేళ్లు పెద్దలు కూర్చునే ఎదురుబల్ల మీద కూర్చున్నాడని ఉంది. అన్నీ నిజమే. ఆ ఎదురుబల్ల మీది నుంచి ఎందుకు దిగిపోయాడో మాత్రం అందులో లేదు. పన్నెండో వాక్యం రాయడానికి వాళ్లకు చెయ్యి రాలేదు. నాకు వస్తుంది.

నా పేరు కెజియా మెండెన్‌హాల్. ఇండియానాలో ఎల్క్‌ఫోర్క్ వాగు ఒడ్డున నూట ఇరవై ఎకరాలు, ఏడు ఆవులు, చెప్పిన మాట వినని ఒక నాలుక, ఇవీ నా భర్త పోయాక నాకు మిగిలినవి. బయటివాళ్లు మమ్మల్ని క్వేకర్లంటారు. మాలో మేము ఫ్రెండ్స్ అనుకుంటాం. అలా అనుకున్నంత మాత్రాన అందరం స్నేహంగా ఉంటామని కాదు. జెహు పికెట్‌కూ నాకూ రెండేళ్లు మాటల్లేవు.

ఆయనది కరొలైనా. బానిసలున్న చోట బతకకూడదని తల్లిదండ్రులు ఉన్న పొలం వదిలేసి ఉత్తరానికి బయల్దేరితే, తొమ్మిదేళ్ల వయసులో బండి వెనక ఆరు వారాలు నడిచి వచ్చాడు. ఇక్కడ పీపాల పని నేర్చుకున్నాడు. మేకు, జిగురు ఏదీ వాడకుండా చెక్కకు చెక్క ఒరుసుకునేట్టు కూర్చి, చుట్టూ ఇనుప కట్లు బిగించేవాడు. ఆయన చేసిన పీపాలో నీళ్లు పోసి నెల తర్వాత చూసినా కింద తడి కనిపించేది కాదు. పిండికి చేసేవాడు, ఉప్పుమాంసానికి చేసేవాడు, విస్కీకి మాత్రం చేసేవాడు కాదు. నది ఒడ్డున సారా బట్టీలవాళ్లు వచ్చి రెట్టింపు ఇస్తామన్నా తల అడ్డంగా ఊపి, చెక్క చిత్రికపట్టడం ఆపేవాడు కాదు.

ఒంటిమీద నూలుపోగు ఉండేది కాదు, ఎందుకంటే పత్తి బానిసలు ఏరినది. ఎండాకాలంలో కూడా ఉన్ని, నారబట్ట. చెరకు పంచదార నాలుక మీద పెట్టేవాడు కాదు, మేపుల్ చెట్టు పాలు కాచిన చక్కెరే. ఇంతవరకూ బాగానే ఉంది. మాలో చాలామందికి ఇంత నిష్ఠ లేదు. కానీ ఆయన ధర్మమంతా అక్కడితో ఆగిపోయేది. తన చేతులకు మట్టి అంటకపోతే చాలు. బానిసత్వం పోవాలని ఊళ్లో సంఘం పెట్టినప్పుడు, అందులో వేరే చర్చిల ప్రెస్‌బిటీరియన్లు, మెథడిస్టులు, దేవుడంటే లెక్కలేనివాళ్లు కలిసి కూర్చుంటారని, అరుచుకుంటారని, ఓట్లు వేసుకుంటారని ఆయన ఆ గుమ్మం తొక్కలేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నది ఆయన పద్ధతి.

నేను తొక్కాను. ప్రభుత్వానికి పంపే అర్జీ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి రెండువందల పదహారు మంది ఆడవాళ్ల చేత సంతకాలు పెట్టించాను. మా మీటింగుకు అది నచ్చలేదు. మనసు మార్చుకోమని చెప్పడానికి ఇద్దరిని మా ఇంటికి పంపారు. ఒకడు జెహు.

"కెజియా, నువ్వు లోకంతో కలిసిపోతున్నావు" అన్నాడు.

"లోకంలో కాక ఎక్కడ కలవమంటావు? చంద్రుడిలోనా?" అన్నాను.

పక్కనున్నాయన దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. జెహు మాత్రం నవ్వలేదు. తర్వాతి నెలలో నన్ను వెలివేశారు. మా దగ్గర వెలి అంటే నిప్పు, నీళ్లు బందు చేయడం కాదు. ప్రార్థనకు రావచ్చు, చివరి బల్ల మీద కూర్చోవచ్చు. పంచాయతీలప్పుడు బయటికి పోవాలి. ప్రార్థన అయ్యాక అందరూ పక్కవాళ్లతో చేతులు కలుపుతారు కదా, నా పక్కన ఎవరూ ఉండేవాళ్లు కాదు. దానికి నేను అలవాటుపడ్డానని చెబితే అబద్ధం.

అలా ఉన్న రోజుల్లో, అక్టోబరులో, లెటీ మా ఇంటికి వచ్చింది. బానిసత్వం ఉన్న కెంటకీ నుంచి నది దాటి, పొలాల వెంట నాలుగు రాత్రులు నడిచి వచ్చింది. ఇరవై రెండేళ్లుంటాయి. చంకలో ఐదు నెలల ఆడపిల్ల, మిండా. యజమాని అప్పుల్లో పడి పిల్లను వదిలేసి తల్లిని ఒక్కదాన్నే న్యూ ఆర్లియన్స్ వ్యాపారికి బేరం పెట్టాడట. ఆ మాట వంటింట్లో పడగానే పిల్లను ఎత్తుకుని వచ్చేసింది. పట్టుబడితే తల్లి ఒక దిక్కు, పిల్ల ఒక దిక్కు. ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

మాంసం పొగబెట్టే కొట్టులో దాచాను. మూడో రోజు, శనివారం, ఆపిల్ కాచి నింపడానికి నేను చెప్పిన పీపాలు రెండు వేసుకుని జెహు వచ్చాడు. మాటల్లేకపోయినా పీపాలకు ఆయనే దిక్కు. అంత గట్టిగా చేసేవాడు ఇంకెవరూ లేరు. పీపా దొర్లించుకుంటూ కొట్టు పక్కకు వచ్చేసరికి లెటీ పిల్లకు పాలిస్తూ తలుపు దగ్గర కూర్చుని ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. జెహు పీపా నిలబెట్టి, వెనక్కి తిరిగి, బండెక్కి వెళ్లిపోయాడు.

ఆ రోజు పొద్దువాలే వేళ మళ్లీ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. టోపీ తియ్యలేదు. మేం ఎవరికీ తియ్యం, జడ్జీకైనా సరే. అందరినీ నువ్వు అనే అంటాం. ఆ సంగతి ఎరగని బయటివాళ్లు మాకు మర్యాద తెలియదనుకుంటారు.

"కెజియా, వాగు దగ్గర ఒకడు నన్ను ఆపాడు. కెంటకీ వాడు. చంటిపిల్లతో నల్లమనిషి ఎవరైనా ఈ చుట్టుపక్కల ఉందా అని అడిగాడు" అన్నాడు.

"నువ్వేమన్నావు?"

"ఏమీ అన్లేదు."

"ఏమీ అన్లేదంటే?"

"నోరు తెరవలేదు. అబద్ధమాడలేదు, చెప్పనూ లేదు."

"తర్వాత?"

"వాడు నవ్వాడు. ఆ ఇంట్లోనా అని నీ ఇంటి వైపు చెయ్యి చూపించాడు."

"అప్పుడేమన్నావు?"

"అప్పుడూ ఏమీ అన్లేదు."

మౌనం అర్ధాంగీకారమని లోకంలో అందరికీ తెలుసు, ఒక్క జెహు పికెట్‌కు తప్ప. పుట్టినప్పటి నుంచి మౌనంలో కూర్చుని దేవుణ్ణి వినడమే తెలిసినవాడు. ఆయన లెక్కలో నోరు మూసుకోవడమంత పవిత్రమైన పని లేదు. ఆ కెంటకీ వాడికి మాత్రం ఆ మూసిన నోరు సంతకం పెట్టిన కాగితం లాంటిది.

"నీ నోరు పడిపోనూ! లేదని ఒక్క ముక్క అంటే నాలుక ఊడిపోయేదా?" అని అరిచాను.

"ఉన్న మనిషిని లేదని ఎలా అంటాను?"

"పోనీ, నీకెందుకు అనొచ్చుగా! నీ దారిన నువ్వు పో అనొచ్చుగా! అందులో అబద్ధం ఏముంది?"

ఆయన నిలబడిపోయాడు. నా మీద కోపం రాలేదు, సమర్థించుకోనూ లేదు. ఆ రెండు ముక్కలు నోట్లో తిప్పి చూసుకున్నట్టుంది. చివరికి, "నాకు తోచలేదు" అన్నాడు. మెట్లు దిగి వెళ్లిపోయాడు.

లెటీ వంటింటి తలుపు చాటున అంతా విన్నది.

"ఆయన మంచోడేనా అమ్మా?" అంది.

"మంచోడే. అదే మన ఖర్మ" అన్నాను.

కెంటకీ వాడు లెటీని పట్టుకునే వారంటు కాగితం కోసం, కానిస్టేబుల్ కోసం తాలూకా ఊరికి వెళ్లాడని కబురు తెలిసింది. వాడి మేనల్లుడు ఉత్తరం దారిలో వంతెన దగ్గర కూర్చున్నాడు. ఒంటరి బండి దాటే వీల్లేదు. తెల్లవారితే ఆదివారం, మా భాషలో మొదటి రోజు. మీటింగు అయ్యాక ముప్పై బండ్లు ఒక్కసారి ఐదు దార్లలో ఇళ్లకు వెళ్తాయి. ఆ గుంపులో ఒక బండిగా కలిసిపోవాలని నా ఆలోచన. మా అమ్మ బూడిదరంగు బానెట్ పెట్టెలోంచి తీసి లెటీ తలకు కట్టాను. అది చెంపలు దాటి ముందుకు పొడుచుకొచ్చే టోపీ. లోపల ఉన్నది ఎవరో ఎదురుగా వంగి చూస్తే తప్ప తెలియదు.

"ఇదేంటమ్మా, గుర్రానికి గంతలు కట్టినట్టు! దీంట్లోంచి దారి కనపడితే ఒట్టు" అంది లెటీ.

"మేం ఒట్లు పెట్టం. ఊరికే కనపడదు అను చాలు" అన్నాను. మూడు రోజుల్లో లెటీ నవ్వగా చూడటం అదే మొదలు.

పొద్దున పదింటికి మీటింగులో అందరికంటే వెనక, నా బల్ల మీద కూర్చున్నాం. వెలివేసిన బల్లకు కూడా ఒక ప్రయోజనం ఉందని ఆ రోజు తెలిసింది, పక్కన ఎవరూ వచ్చి కూర్చోరు. మా మీటింగులో పాటలుండవు, ప్రసంగం చేసేవాడుండడు. ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క, పెద్దలు మా వైపు తిరిగి ఎదురుబల్ల మీద. దేవుడు ఎవరికైనా మాట ఇస్తే వాళ్లు లేచి చెబుతారు, లేకపోతే మౌనమే. కిటికీలోంచి పడే ఎండ గది మధ్యలోని ఇనుప పొయ్యి కాలిని తాకేసరికి సుమారు పన్నెండవుతుంది. అప్పుడు జెహు పక్కనున్న బార్జిలై మోట్‌కు చెయ్యి చాపుతాడు. ఇద్దరు పెద్దల చేతులు కలిస్తే మీటింగు ముగిసినట్టు. కలిసేదాకా ఎవరూ లేవరు.

పదిన్నరకు బయట గుర్రాల చప్పుడు. కెంటకీ వాడు ముందు మా ఇంటికి వెళ్లాడు. అక్కడ తాడు మీద చంటిపిల్ల గుడ్డలు నాలుగు ఆరేసి ఉన్నాయి. నేను పిల్లాజెల్లా లేని విధవరాలిని. జెహును అంత తిట్టిన నోటితోనే ఇది కూడా ఒప్పుకోవాలి, ఆ గుడ్డలు తియ్యడం మర్చిపోయింది నేనే.

కిటికీ పక్కనే కావడంతో వాళ్ల మాటలు నాకు వినిపించాయి. కానిస్టేబుల్ ఏమస్ గ్రబ్ మెథడిస్టు, మాకు తెలిసినవాడే.

"లోపలికి పదండి" అన్నాడు కెంటకీ వాడు.

"అమ్మో, నేను రాను. ప్రార్థన జరుగుతుండగా గొడవ చేస్తే నన్నే లోపలేస్తారు. చట్టం అది. ముగిశాక బయటికొస్తారుగా, గుమ్మంలో ఒక్కొక్క టోపీ ఎత్తి చూసుకో" అన్నాడు గ్రబ్.

"ఎప్పుడు ముగుస్తుంది?"

"పన్నెండింటికి. తిండివేళకు ఎవడు లేవడయ్యా?"

లెటీ కూడా విన్నది. నా చెయ్యి పట్టుకుంది. లోపల నూట నలభై మందిమి, ఒక్కరూ తల తిప్పలేదు. కానీ అందరికీ తెలిసిపోయింది. కొత్త బానెట్ వచ్చిందని, గుమ్మంలో కాపలా ఉందని, రెంటికీ సంబంధం ఏమిటో. జెహు మా అందరికీ ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ఆయన కళ్లు ఒక్కసారి చివరి బల్ల మీద ఆగి, మళ్లీ కిందికి వాలాయి.

ఎండ పొయ్యి కాలిని తాకింది. బార్జిలై అలవాటు ప్రకారం చెయ్యి కొంచెం ముందుకు పెట్టాడు. జెహు రెండు చేతులూ మోకాళ్ల మీద ఉన్నాయి, ఉన్నచోటనే ఉన్నాయి. బార్జిలై తన చేతిని ఎవరో పరాయివాడిది అన్నట్టు కాసేపు చూసుకుని, వెనక్కి తీసుకున్నాడు. ఎండ పొయ్యి దాటింది.

ఒంటిగంట అయింది. రెండయింది. ఆకలికి కడుపులు చేసే చప్పుడు మగవాళ్ల బల్లల మీద నుంచి స్పష్టంగా వినిపించింది. దొడ్డివైపు గుర్రాల కొట్టం దాకా వెళ్లాల్సినవాళ్లు ఇద్దరిద్దరు వెళ్లి వచ్చి మళ్లీ కూర్చున్నారు. వాళ్ల టోపీల్లోకి తొంగిచూడటానికి మేనల్లుణ్ణి వంతెన దగ్గరి నుంచి పిలిపించి అక్కడ నిలబెట్టారు, వాడు సిగ్గుపడి మొహం గోడకు తిప్పుకున్నాడట. లెటీ మాత్రం లేవలేదు. అది ఎంత కష్టమో పక్కన కూర్చున్న నాకు తెలుసు.

రెండు దాటాక మిండా లేచి ఏడుపు మొదలుపెట్టింది. శాలువలో పాలిచ్చినా ఊరుకోదు. గుమ్మంలో బూట్ల చప్పుడు దగ్గరికి వచ్చింది. అప్పుడు ఆడవాళ్ల ఎదురుబల్ల మీద నుంచి ఏక్సా పికెట్ లేచింది. జెహు భార్య. ముప్పై ఒక్క ఏళ్ల కాపురంలో నలుగురు పిల్లల్ని కని నలుగురినీ పాతిపెట్టుకున్న మనిషి. ఎదురుబల్ల దిగి, నడవా పొడుగునా నడిచి, లెటీ ఒడిలోంచి పిల్లను తీసుకుని శాలువలో చుట్టింది. జేబులోంచి మేపుల్ చక్కెర ముక్క తీసి గుడ్డలో మూటకట్టి పిల్ల నోట్లో పెట్టింది. మళ్లీ వెళ్లి తన చోట కూర్చుంది. మిండా చప్పరిస్తూ ఊరుకుంది. తలుపు సందులోంచి చూసిన కెంటకీ వాడికి, శాలువ మూటను ఒళ్లో పెట్టుకున్న ఒక తెల్లముసలమ్మ కనిపించింది. అరవై ఏళ్ల ముసలమ్మకు చంటిపిల్ల ఎక్కడిదని వాడికి తోచలేదు, మగవాడు కదా.

జెహు భార్య వైపు చూశాడు. ఏడుస్తున్నాడు. శబ్దం లేదు, తుడుచుకోలేదు, గడ్డం మీదికి కారుతున్నాయి. ఆయన కంట తడి నేను చూడటం అదొక్కసారే. నాకు ఆయన మీద ఉన్న కోపంలో సగం అప్పుడే పోయింది. మిగతా సగం దాచుకున్నాను.

మూడు గంటలప్పుడు బార్జిలై నిద్రలోనే చెయ్యి చాపాడు. జెహు ఆ చేతిని మెల్లగా పట్టి బార్జిలై ఒళ్లోనే పెట్టాడు. కలిపాడేమో అనుకున్నాను. కలపలేదు.

"ఏంటయ్యా వీళ్లు, చచ్చారా?" అని బయట కెంటకీ వాడు అరుస్తున్నాడు.

"ఒకసారి మూడు దాకా కూర్చున్నారని మా నాన్న చెప్పేవాడు. ఇప్పుడు మూడు కూడా దాటింది" అన్నాడు గ్రబ్.

నాలుగు దాటాక ఆవులు మొదలుపెట్టాయి. మా ఊరి ఆవులన్నీ పాలు పితికే వేళ దాటిపోయి, పొదుగులు సలిపి, పొలాలన్నీ దద్దరిల్లేలా అరిచాయి. ముప్పై ఇళ్ల ఆవులు. క్వేకర్ల ఇళ్లకు ఏం మునిగిందోనని చుట్టుపక్కల మెథడిస్టులు బయల్దేరి వచ్చారు. పైన మిట్టమీద సొంత పొలాలు చేసుకునే స్వతంత్రులైన నల్లవాళ్ల పల్లె ఉంది, వాళ్లూ బండ్లు కట్టుకుని వచ్చారు. ఆడవాళ్లు చర్చికి కట్టుకున్న మంచి బట్టల్లోనే, బానెట్లతోనే ఉన్నారు. ఐదయ్యేసరికి ఆవరణలో రెండువందల మంది. గ్రబ్ గుంపును చూశాడు, చెవి రిక్కించి విన్నాడు.

"అందులో నా ఆవు కూడా ఉందయ్యా. నేను పోవాలి" అన్నాడు.

"నీ ఆవు సంగతి నాకెందుకు? నువ్వు సర్కారు మనిషివి!"

"ఆవుకు ఆ సంగతి తెలీదు" అని గ్రబ్ గుర్రం ఎక్కాడు. అధికారి లేకుండా అంతమంది మధ్య ఎవరి టోపీ ఎత్తినా ఏమవుతుందో కెంటకీ వాడికి తెలుసు.

ఆ గుర్రం చప్పుడు సద్దుమణిగాక, కిటికీల్లో వెలుగు ఎర్రబడుతుండగా, జెహు పికెట్ కుడిచెయ్యి మోకాలి మీది నుంచి ఎత్తి బార్జిలైకి చాపాడు. బార్జిలై ముందు నమ్మలేదు. తర్వాత రెండు చేతులతో పట్టుకున్నాడు. ఏడున్నర గంటల మీటింగు ముగిసింది.

తలుపులు తెరిచాక బయటి బానెట్లు, లోపలి బానెట్లు కలిసిపోయాయి. నేను వెతికితే నాకే లెటీ కనిపించలేదు. ఏక్సా ఒళ్లోని పిల్ల ఎప్పుడు చేతులు మారిందో కూడా చూడలేదు. నల్లవాళ్ల పల్లె బండి ఒకటి తల్లినీ పిల్లనూ వంతెన దాటించిందని, అక్కడి మేనల్లుడు గుర్రాల కొట్టం దగ్గర మొహం తిప్పుకుని నిలబడి ఉన్నాడని తర్వాత తెలిసింది. కెనడా చేరారని వసంతంలో కబురు వచ్చింది.

కెంటకీ వాడు మాత్రం ఇదంతా పెద్దాయన పన్నిన పన్నాగమని లెక్కవేసుకుని జెహు బండి వెంటపడ్డాడు. వాగు దగ్గర, నిన్న ఆపిన చోటే, ఆపాడు. ఇది ఏక్సా నాకు చెప్పింది.

"ఆ టోపీలో ఎవరు?" అన్నాడట.

"నా భార్య. చూసుకో" అన్నాడట జెహు. ఏక్సా టోపీ వెనక్కి నెట్టి చూపించింది.

"అయితే అది ఎక్కడ? నీకు తెలుసు. నిన్నటిలా నోరు మూసుకో, నాకు జవాబు దొరుకుద్ది."

జెహు పగ్గాలు లాగి బండి ఆపి, వాడి మొహంలోకి చూశాడట. "నీకెందుకు? చెప్పను. నీ దారిన నువ్వు పో" అన్నాడట. పీపాలవాడి గొంతు కదా, ఖాళీ పీపాను కొట్టినట్టు మోగింది అంది ఏక్సా. ఇల్లు చేరేదాకా ఆ మూడు ముక్కలూ తనలో తాను అనుకుంటూనే ఉన్నాడట, అంత తేలికా అన్నట్టు.

ఇక్కడితో అయితే బాగుండేది. నవంబరు పంచాయతీలో కొందరు పెద్దలు లేచారు. ప్రార్థనను పనిముట్టు చేశాడు, మౌనాన్ని తడికలా అడ్డం పెట్టాడు, దేవుడి కోసం కూర్చున్నట్టు నటించి మనిషి కోసం కూర్చోబెట్టాడు, తప్పొప్పుకుని కాగితం రాయాలి అన్నారు. మా దగ్గర అదే పద్ధతి. తప్పు చేసినవాడు తన తప్పును తానే ఖండిస్తూ రాస్తే అందరి ముందు చదివి, పాతచోట కూర్చోనిస్తారు. జెహు రాశాడు. నాకు ఆ గదిలోకి ప్రవేశం లేదు. ఏక్సాకు ఆ కాగితం నోటికి వచ్చు, నాకు చెప్పింది, నేను రాసుకున్నాను.

"శనివారం వాగు దగ్గర ఒక మనిషి అడిగితే నేను మాట్లాడలేదు. దాన్ని సత్యం అనుకున్నాను. అది భయం. నా చేతులు శుభ్రంగా ఉంచుకోవడానికి ఒక తల్లిని అప్పగించాను. దాన్ని ఖండిస్తున్నాను. మొదటి రోజు మీటింగు సంగతి అడిగారు. అందులో నటన లేదు. చెయ్యి చాపమని నాకు అనిపించినప్పుడు చాపాను. అంతకుముందు అనిపించలేదు. దాన్ని ఖండించలేను."

అడిగినదానికి కాకుండా అడగనిదానికి క్షమాపణ చెప్పాడు. పెద్దలకు ఏం చెయ్యాలో పాలుపోలేదు. వెలివేయలేదు కానీ, ఎదురుబల్ల మీది నుంచి దించారు. చెయ్యి చాపే పని బార్జిలైకి ఇచ్చారు.

బానిసత్వాన్ని పోగొట్టిన యుద్ధం ముగిసి పదేళ్లయింది. ఇప్పుడు ఈ జిల్లాలో ఎవరిని కదిపినా మా కొట్టంలో నలుగురిని దాచాం, మా అటకమీద ఎనిమిది మందిని దాచాం అంటారు. ఆ రోజుల్లో ఇంతమంది ఉంటే నేను వెనకబల్ల మీద ఒంటరిగా ఎందుకు కూర్చున్నానో నాకు అర్థం కాదు. జెహు మాత్రం ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. ఎవరైనా అడిగితే, "ముందు రోజు ఏం చేశానో కూడా అడుగు" అనేవాడు. వాళ్లు ఇంకేమీ అడిగేవాళ్లు కాదు.

దించేసిన తర్వాతి ఆదివారం ఆయన టోపీ తలమీద పెట్టుకునే లోపలికి వచ్చాడు. ముందు బల్లలు ఖాళీగానే ఉన్నాయి. వాటిని దాటి, నడవా చివరిదాకా వచ్చి, మగవాళ్ల వైపు చివరి బల్ల మీద, నాకు సరిగ్గా అడ్డంగా కూర్చున్నాడు. ఇద్దరి మధ్య నడవా అంత ఎడం. రెండు గంటలూ మౌనం. ఎండ పొయ్యి కాలిని తాకగానే, ఆకలిమీదున్న బార్జిలై ఒక్క క్షణం ఆగకుండా చెయ్యి చాపేశాడు. అందరూ పక్కవాళ్ల చేతులు కలుపుకుంటున్నారు. జెహు నా వైపు తిరిగి, నడవా మీదుగా చెయ్యి చాపాడు. చెక్క చీలికలు గుచ్చుకుని గరుకుబారిన చెయ్యి.

నేను వెంటనే పట్టుకోలేదు. ఆ మిగతా సగం కోపం ఇంకా నా దగ్గర ఉంది. నా రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని ఆయన చేతిని చూస్తూ కూర్చున్నాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు, తొందరపెట్టలేదు. కూర్చోవడం ఆయనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. జనమంతా లేచి బయటికి వెళ్లిపోయారు. ఏక్సా గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆయన మమ్మల్ని కూర్చోబెట్టినంత సేపు కాదు గానీ, బాగానే కూర్చోబెట్టాను. తర్వాత పట్టుకున్నాను.